ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కిస్తున్నా ఇన్ఫెక్షన్లు ఎందుకు? బళ్ళారి సరిహద్దు నుంచి ఒక సమీక్ష

శరీరం తనకు కావలసిన యాంటీబాడీలను తయారు చేసుకోలేకపోవడం కొందరికి పుట్టుకతో వస్తుంది, కొందరికి తరువాతి వయసులో మొదలవుతుంది. లోపం తీవ్రంగా ఉంటే ప్రధాన వైద్యం ఒక్కటే: ఇతరుల ప్లాస్మా నుంచి వేరుచేసిన ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను జీవితాంతం క్రమంగా ఎక్కించడం. అది పనిచేస్తుందా అన్న ప్రశ్న ఏనాడో తీరిపోయింది. పనిచేస్తుంది. తీరనిది దాని తరువాతి ప్రశ్న. క్రమం తప్పకుండా ఎక్కించుకుంటున్న వాళ్ళలోనూ కొందరు న్యుమోనియాతోనో, మెదడు పొరల వాపుతోనో, రక్తంలోకి పాకిన సూక్ష్మజీవులతోనో మళ్ళీ ఆస్పత్రి ఎందుకు చేరుతున్నారు? మోతాదు చాలకనా, మందు అందకనా, ఆ మందు చేరలేని చోట జబ్బు మొదలవడం వల్లనా? డెబ్బై ఏళ్ళ పరిశోధనలో ఈ మూడింటికీ ఆధారాలు దొరుకుతాయి. అయితే చర్చ ఎక్కువగా మొదటి కారణం చుట్టూనే తిరిగింది. రక్తంలో ఐజీజీ అనే ప్రధాన యాంటీబాడీ లీటరుకు ఎన్ని గ్రాములుండాలి, కిలో బరువుకు ఎన్ని మిల్లీగ్రాములు ఎక్కించాలి అన్నదే వాదమై కూర్చుంది. ప్రతి నెలా సీసా తప్పక అందే దేశాల్లో పుట్టిన వాదం అలా సాగడంలో వింత లేదు. దాన్ని బళ్ళారి లాంటి కర్ణాటక-ఆంధ్ర సరిహద్దు జిల్లాకు తెచ్చి పరీక్షిస్తే ఏది నిలుస్తుంది, ఏది జారిపోతుంది అన్నది ఇక్కడి పరిశీలన. నా పక్షం ముందే చెప్పడం మంచిది. మోతాదు ముఖ్యమే. కాని ఇక్కడి రోగికి తీవ్ర ఇన్ఫెక్షన్ వచ్చేదీ రానిదీ ఎక్కువగా తేల్చేవి మొదటి సీసా ఎక్కే నాటికే గడిచిపోయిన ఏళ్ళు, ఆ తరువాత తప్పిపోయిన నెలలు.

బ్రూటన్ నుంచి నేటి దాకా

1952లో అమెరికా సైనిక వైద్యుడు ఆగ్డెన్ బ్రూటన్, వాల్టర్ రీడ్ ఆస్పత్రిలో చూసిన ఎనిమిదేళ్ళ బాలుడి గురించి రాశాడు. నాలుగేళ్ళలో పందొమ్మిది సార్లు ఆ పిల్లవాడికి సెప్సిస్ వచ్చింది. రక్తరసంలోని ప్రోటీన్లను విద్యుత్ సాయంతో విడదీసి చూస్తే గామా గ్లోబ్యులిన్ ఉండాల్సిన చోట ఏమీ లేదు. నెలనెలా చర్మం కింద గామా గ్లోబ్యులిన్ ఇవ్వగానే ఆ వరుస ఆగిపోయింది. ప్లాస్మా నుంచి ఆ ప్రోటీన్‌ను వేరుచేసే పద్ధతిని అప్పటికే హార్వర్డ్‌లో ఎడ్విన్ కోన్ బృందం యుద్ధ కాలపు అవసరాల కోసం రూపొందించి ఉంచింది. అంటే మందు ముందే సిద్ధమైంది, జబ్బు పేరు తరువాత వచ్చింది. ఆ జబ్బుకు మూలమైన బీటీకే జన్యువును గుర్తించడానికి 1993 దాకా పట్టింది.

తరువాతి పాతికేళ్ళు కండరాల్లోకి సూది. అది బాధాకరం, ఒకసారికి ఇవ్వగల పరిమాణమూ తక్కువ. ఐజీజీని ఆరోగ్యవంతుల స్థాయికి దగ్గరగా పెంచడం ఆ దారిలో సాధ్యం కాలేదు. 1980ల మొదట్లో సిరలోకి ఎక్కించదగ్గ తయారీలు రావడంతో, అంతకుముందు అడగడానికే వీలులేని ప్రశ్న తలెత్తింది: ఎక్కువ ఇస్తే ఎక్కువ మేలా? 1993-94లో ఒక తయారీ ద్వారా హెపటైటిస్ సి పాకాక వైరస్‌లను నాశనం చేసే అదనపు దశలు తప్పనిసరి అయ్యాయి. 1990లలో స్వీడన్ చొరవతో చర్మం కింద ఇచ్చే పద్ధతి మళ్ళీ మొదలై, ఇంట్లోనే వారానికోసారి తీసుకోగల వైద్యంగా స్థిరపడింది. సిర దారికీ చర్మం దారికీ తీవ్ర ఇన్ఫెక్షన్ల విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు కనుక ఆ తగవును ఇక్కడితో వదిలేయవచ్చు.

లెక్కలోకి వచ్చేవి, రానివి

అధ్యయనాలను పోల్చేముందు అవి దేన్ని లెక్కపెట్టాయో చూడాలి. అమెరికా ఎఫ్‌డీఏ కొత్త తయారీలకు పెట్టిన నియమం ప్రకారం తీవ్ర బాక్టీరియా ఇన్ఫెక్షన్లు ఐదు రకాలు: రక్తంలో బాక్టీరియా లేదా సెప్సిస్, బాక్టీరియా మెనింజైటిస్, ఎముక లేదా కీలు ఇన్ఫెక్షన్, బాక్టీరియా న్యుమోనియా, లోపలి అవయవాల్లో చీముగడ్డ. ఇవి మనిషికి ఏడాదికి ఒకటి కంటే తక్కువని గణాంకపరంగా నిరూపిస్తే తయారీ నెగ్గినట్టే. మార్కెట్‌లోని తయారీలు ఈ గీతను చాలా సులువుగా దాటుతాయి. చదివిన వాళ్ళకు సమస్య తీరిపోయిందనిపిస్తుంది. కాని ఆ పరీక్షల్లో చేరేవాళ్ళు సాధారణంగా అప్పటికే వైద్యంలో కుదురుకున్నవాళ్ళు, ఏడాది పొడవునా ఒక్క మోతాదూ తప్పనివాళ్ళు. సైనస్‌లో చీము, ఎడతెగని బ్రాంకైటిస్, పేగుల్లోని జియార్డియా, వైరస్ జబ్బులు ఆ ఐదింటిలో లేవు. అయినా ఊపిరితిత్తులను ఏళ్ళ తరబడి కొరికేది ఎక్కువగా ఈ లెక్కలోకి రానివే.

ఆస్పత్రుల రికార్డులు మరో కొలత వాడతాయి. ఆస్పత్రిలో చేర్చవలసి వచ్చినా, సిరలోకి యాంటీబయాటిక్ ఇవ్వవలసి వచ్చినా అది తీవ్రం. ఈ కొలతలోనూ ఒక లోపముంది. చేరిక జబ్బు తీవ్రతతో పాటు బస్సు చార్జీని, కూలి నష్టాన్ని, ఇంట్లో పిల్లలను చూసుకునే మనిషిని బట్టి కూడా ఉంటుంది. బళ్ళారి దగ్గరి సండూరు గనుల్లో రోజుకూలికి పోయే మనిషి జ్వరంతోనే పనికి వెళ్ళి, ఆర్‌ఎంపీ దగ్గర రెండు సూదులు వేయించుకుంటే, పాశ్చాత్య నిర్వచనం ప్రకారం అతనికి తీవ్ర ఇన్ఫెక్షన్ రానట్టే.

అంకె పక్షం, మనిషి పక్షం

మోతాదు వాదంలో రెండు పక్షాలున్నాయి. ఎక్కించిన ఐజీజీలో సగం కరగడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. తరువాతి సీసా ఎక్కించబోయే ముందు రక్తంలో మిగిలి ఉన్న కనిష్ఠ స్థాయిని ఒక అంకె మీదుగా నిలిపితే చాలునంటుంది మొదటి పక్షం. ఆ అంకె అందరికీ ఒకటి కాదు, ఇన్ఫెక్షన్ ఆగేంత వరకు ఒక్కొక్కరికీ విడిగా పెంచుకుంటూ పోవాలంటుంది రెండోది.

మొదటి పక్షానికి బలమైన ఆధారం 1999లో ఫ్రాన్స్ నుంచి క్వార్టియే బృందం ప్రచురించిన అధ్యయనం. బీటీకే లోపమున్న 31 మంది పిల్లల్లో, వైద్యానికి ముందు ఏడాదికి మనిషికి 0.40గా ఉన్న తీవ్ర బాక్టీరియా ఇన్ఫెక్షన్లు వైద్యంలో 0.06కు పడిపోయాయి. అంటే రెండున్నరేళ్ళకోసారి ఆస్పత్రిపాలయ్యే పిల్లవాడికి ఆ గండం దాదాపు పదిహేడేళ్ళకోసారికి జరిగింది. ఐజీజీని డెసిలీటరుకు 500 మిల్లీగ్రాముల పైన నిలిపితే ఇంత మేలు దక్కింది. అయినా కొందరిలో సైనస్, ఊపిరితిత్తుల జబ్బు సాగుతూనే ఉంది కనుక 800 పైన ఉంచడం మంచిదని ఆ రచయితలే సూచించారు. 2010లో ఆరెంజ్ తదితరులు 17 అధ్యయనాల్లోని 676 మంది వివరాలను కలిపి లెక్కగట్టారు. కనిష్ఠ స్థాయి 100 మిల్లీగ్రాములు పెరిగిన ప్రతిసారీ న్యుమోనియా 27 శాతం తగ్గింది. 500 దగ్గర ఏడాదికి మనిషికి 0.113 న్యుమోనియాలుంటే 1000 దగ్గర 0.023. ఒక న్యుమోనియాకు మొదటి స్థాయిలో సుమారు తొమ్మిదేళ్ళు, రెండో స్థాయిలో నలభై మూడేళ్ళు.

రెండో పక్షానికి నాయకత్వం ఆక్స్‌ఫర్డ్‌ది. అదే 2010లో లూకస్ తదితరులు 22 ఏళ్ళ పాటు గమనించిన రోగుల వివరాలు ప్రచురించారు. ఇన్ఫెక్షన్లు ఆగిన కనిష్ఠ స్థాయి ఒకరికి లీటరుకు 5 గ్రాములైతే మరొకరికి 17. ఊపిరి గొట్టాలు వెడల్పై కళ్ళె నిలిచిపోయే బ్రాంకియెక్టాసిస్ ఉన్నవాళ్ళకు ఎక్కువ మోతాదు పట్టింది. అంకెను కాకుండా మనిషిని చూడండి అన్నది వాళ్ళ సారాంశం.

పక్కపక్కన పెట్టి చూస్తే ఈ రెండు పక్షాల విరోధం పైకి కనిపించినంత లేదు. ఆరెంజ్ లెక్క వేరువేరు అధ్యయనాల సగటులను ఒకదానితో ఒకటి పోల్చింది. ఒకే మనిషి స్థాయి పెంచితే ఏమవుతుందో అది నేరుగా చెప్పదు. లూకస్ లెక్కలో, జబ్బు ఎక్కువ ఉన్నవాళ్ళకే వైద్యులు మోతాదు పెంచుతారు కనుక ఎక్కువ మోతాదు వాళ్ళు ఎక్కువ జబ్బుతో కనబడతారు. ఈ మెలికను విడదీయగలిగేది చీటీ వేసి పంచిన పరీక్షే. అలాంటిది 2001లో నెదర్లాండ్స్‌లో ఐక్‌హౌట్ బృందం చేసింది. అదే మనుషులకు కొంతకాలం మామూలు మోతాదు, కొంతకాలం రెట్టింపు ఇచ్చారు. మోతాదు ఏదో రోగికీ వైద్యుడికీ తెలియకుండా ఉంచారు. పెద్దవాళ్ళకు నెలకు కిలోకు 300 మిల్లీగ్రాములకు బదులు 600 ఇచ్చినప్పుడు ఇన్ఫెక్షన్లు మనిషికి 3.5 నుంచి 2.5కు, జబ్బుతో గడిచిన రోజులు 33 నుంచి 21కి తగ్గాయి. మేలు నిజమే, కాని ఒక మెట్టు మేలు. అసలు లేని స్థితి నుంచి మామూలు మోతాదుకు చేరడంలో దక్కేది దీనికి ఎన్నో రెట్లు. అధ్యయనాలు వేరు కనుక 0.40, 0.113, 0.023 అంకెలను ఒకే గీత మీద పేర్చకూడదన్నది సరైన హెచ్చరికే. కాని గీత ఎటు వంగుతుందో మాత్రం స్పష్టం: మొదటి మెట్లు ఎత్తు, పై మెట్లు పొట్టి. మందు కొరత ఉన్న చోట ఈ ఒంపే అన్ని నిర్ణయాలకూ మూలం కావాలి.

ఐజీజీ చేరని చోట్లు

సీసాలో ఉండేది దాదాపు అంతా ఐజీజీ. ముక్కు, ఊపిరి గొట్టాలు, పేగుల లోపలి పొరను కాచే ఐజీఏ, రక్తంలో ముందుగా ఎదిరించే ఐజీఎం అందులో ఉండవు. అందుకే న్యుమోకాకస్ రక్తంలోకి పాకడం దాదాపు ఆగిపోయినా, గుల్ల తొడుగు లేని హీమోఫిలస్ సైనస్‌ల్లోనూ కళ్ళెలోనూ ఏళ్ళ తరబడి తిష్ఠ వేయగలదు. ఒకసారి గొట్టం గోడ దెబ్బతిని కళ్ళె నిలిచిందంటే, అక్కడ పెరిగే సూక్ష్మజీవికి రక్తంలోని ఐజీజీ ఎంతున్నా లెక్కలేదు. కొందరిలో కొన్నేళ్ళకు సూడోమోనాస్ చేరుతుంది. పేగుల్లో జియార్డియా, క్యాంపిలోబాక్టర్, నోరోవైరస్, కీళ్ళలో మైకోప్లాస్మా, బీటీకే లోపమున్న వాళ్ళ మెదడులో మెల్లగా సాగే ఎంటెరోవైరస్ జబ్బు ఇలాంటివే. ఈ చివరిది సిర వైద్యం వచ్చాక అరుదైంది కాని పూర్తిగా పోలేదు. ఫ్రాన్స్ పిల్లల్లోనూ ఒకరికి వచ్చింది.

మరో తరగతి రోగులకు లోపం యాంటీబాడీలతో ఆగదు. సీడీ40 లిగాండ్ అనే ప్రోటీన్ లేని మగపిల్లల్లో ఐజీజీ తక్కువే, కాని న్యుమోసిస్టిస్ న్యుమోనియా, క్రిప్టోస్పోరిడియం విరేచనాలు టీ కణాల పని చెడడం వల్ల వస్తాయి. వాళ్ళకు ఇమ్యునోగ్లోబ్యులిన్‌తో పాటు కోట్రైమాక్సజోల్, కాచిన నీళ్ళు కూడా వైద్యమే. పెద్ద వయసులో బయటపడే సీవీఐడీ అనే లోపంలో కథ ఇంకోలా మారింది. న్యూయార్క్‌లో నాలుగు దశాబ్దాల పాటు చూసిన 473 మంది రోగుల వివరాలు 2012లో వచ్చాయి. ఊపిరితిత్తుల వాపు, కాలేయ జబ్బు, లింఫోమా వంటి ఇన్ఫెక్షన్ కాని చిక్కులున్న వాళ్ళకు, లేని వాళ్ళకంటే మరణ ప్రమాదం పదకొండు రెట్లు. ఇమ్యునోగ్లోబ్యులిన్ మృత్యువు దారిని మార్చింది, దారిని మూసేయలేదు. కాబట్టి మోతాదు పెంచినా ఇన్ఫెక్షన్ ఆగని రోగిలో తరువాతి అడుగు మళ్ళీ మోతాదు పెంచడం కాదు. ఛాతీ స్కాన్, కళ్ళె కల్చర్, ఐజీజీ పేగుల గుండానో మూత్రం గుండానో కారిపోతోందా అన్న పరీక్ష రావాలి.

బళ్ళారిలో ఏళ్ళు ఎక్కడ పోతాయి

బళ్ళారి పెద్దాస్పత్రి 1961లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాలతో ముడిపడింది. విమ్స్ అంటే చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఊళ్ళో వెల్లెస్లీ క్షయ ఆస్పత్రి కూడా ఉంది. చుట్టూ సండూరు ఇనుప గనులు, తోరణగల్లు ఉక్కు కర్మాగారం, స్పాంజ్ ఐరన్ యూనిట్లు, ఎండాకాలం నలభై డిగ్రీలు దాటే పొడి గాలి. ఇలాంటి చోట ఎడతెగని దగ్గుకు సమాధానాలు రెండు సిద్ధంగా ఉంటాయి, క్షయ లేదా దుమ్ము. రెండూ నిజంగానే ఎక్కువ కనుక వైద్యుడి తప్పు పట్టలేం. కాని మూడోసారి న్యుమోనియా వచ్చిన పిల్లవాడికి కళ్ళెలో క్షయ క్రిమి దొరకకపోయినా క్షయ మందులు మొదలవుతాయి. రోగనిరోధక లోపాల మీద భారతీయ కేంద్రాలు ప్రచురించిన నివేదికల్లో ఇది పదేపదే కనిపించే దారి. బీటీకే లోపంలో టీ కణాలు బాగానే ఉంటాయి, క్షయ వాళ్ళకు ప్రత్యేక శత్రువు కాదు. ఆరు నెలల క్షయ మందులు ముగిసేసరికి ఊపిరి గొట్టాలు మరికొంత వెడల్పవుతాయి. ఇమ్యునోగ్లోబ్యులిన్ మొదలయ్యే నాటికి బ్రాంకియెక్టాసిస్ ఉంటే, లూకస్ చూపినట్టు, ఆ మనిషి జీవితాంతం ఎక్కువ మోతాదు అడుగుతాడు. రోగ నిర్ధారణలో ఆలస్యం మోతాదు సమస్యను తానే సృష్టిస్తుంది. అంకె పక్షం, మనిషి పక్షం రెండూ ఈ ముక్కను పుస్తకం చివరి పేజీకి నెట్టేశాయి.

ఇందులో ఒక మోసపు మలుపుంది. యాంటీబాడీలు లేని మనిషికి, యాంటీబాడీల మీద ఆధారపడే పరీక్షలు అబద్ధం చెబుతాయి. మన ఊళ్ళలో జ్వరం రాగానే చేయించే వైడాల్ అతనిలో నెగెటివ్ వస్తుంది, టైఫాయిడ్ ఉన్నా సరే. హెచ్‌ఐవీ, హెపటైటిస్ యాంటీబాడీ పరీక్షల తీరూ అంతే. ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించాక కథ తిరగబడుతుంది. దాతల యాంటీబాడీలు రక్తంలో ఉంటాయి కనుక రాని జబ్బు వచ్చినట్టు కనిపిస్తుంది. ఇలాంటి రోగికి సూక్ష్మజీవినే వెతికే కల్చర్, పీసీఆర్ వంటి పరీక్షలే నమ్మదగినవి.

అయితే అనుమానించడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. తల్లి నుంచి వచ్చిన ఐజీజీ ఆరు నెలలకు తరిగిపోతుంది. ఆ తరువాతే వరుసగా చెవిలో చీము, న్యుమోనియా మొదలైన మగపిల్లవాడి నోరు తెరిచి చూస్తే టాన్సిళ్ళు దాదాపు కనిపించకపోవడం బీటీకే లోపానికి పాత గుర్తు. పెద్దవాళ్ళలో మరో తేలిక దారిని వేల్స్ పరిశోధకులు చూపారు. మామూలు లివర్ పరీక్షలో మొత్తం ప్రోటీన్ నుంచి ఆల్బుమిన్ తీసేస్తే మిగిలేది గ్లోబ్యులిన్. అది లీటరుకు 18 గ్రాముల కంటే, మన ల్యాబ్ కాగితాల లెక్కలో 1.8 కంటే, తక్కువైతే ఐజీజీ కొలవాలి. తాలూకా ల్యాబ్‌లో రోజూ అచ్చయ్యే అంకె అది, ఎవరూ దాని వైపు చూడరు. పోషకాహార లోపం, మూత్రంలో ప్రోటీన్ పోవడం కూడా దాన్ని తగ్గిస్తాయన్నది నిజమే. ఈ పరీక్ష జబ్బును నిర్ధారించదు, తరువాతి పరీక్ష ఎవరికో చెబుతుంది.

మేనరికం మీద నింద వేయడం ఈ ప్రాంతంలో తేలిక. కర్ణాటకలోనూ ఆంధ్రలోనూ పెళ్ళిళ్ళలో దాదాపు పావు వంతు రక్తసంబంధీకుల మధ్యనే జరుగుతాయని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూపింది. తల్లిదండ్రులిద్దరి నుంచీ రావలసిన జన్యు లోపాలు అందువల్ల పెరుగుతాయి. కాని బీటీకే, సీడీ40 లిగాండ్ లోపాలు ఎక్స్ క్రోమోజోమ్ మీదివి, మేనరికంతో పనిలేకుండా తల్లి వైపు నుంచి మగపిల్లలకు వస్తాయి. అడగవలసింది పెళ్ళి గురించి కాదు, చిన్నతనంలోనే జ్వరంతో పోయిన మేనమామల గురించి.

కార్డు ఒక వైపు, ఆస్పత్రి ఒక వైపు

1953 అక్టోబర్ 1న పాత బళ్ళారి జిల్లాలోని పది తాలూకాల్లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్ర రాష్ట్రానికి, మిగిలిన ఏడు మైసూరుకు వెళ్ళాయి. జనం నడక మాత్రం గీతను బట్టి మారలేదు. రాయదుర్గం, ఆలూరు వైపు తెలుగు కుటుంబాలకు దగ్గరి పెద్దాస్పత్రి బళ్ళారే. ఒక్కసారి ఆపరేషన్‌కు ఇది ఎలాగో సర్దుకుంటుంది. జీవితాంతపు వైద్యానికి సర్దుకోదు, ఎందుకంటే ఆరోగ్య పథకం రేషన్ కార్డు ఉన్న రాష్ట్రాన్ని బట్టి నడుస్తుంది. కర్ణాటక కార్డుకు ఆరోగ్య కర్ణాటక, ఆంధ్ర కార్డుకు అక్కడి వైద్య సేవ పథకం. 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానం ఇమ్యునోగ్లోబ్యులిన్ అవసరమైన రోగనిరోధక లోపాలను తన జాబితాలో చేర్చింది. 2022 నుంచి సాయం పరిమితి రోగికి 50 లక్షల రూపాయలు. అది కేంద్రం గుర్తించిన ఉత్కృష్టతా కేంద్రాల గుండా రావాలి. ఈ ప్రాంతానికి దగ్గరివి బెంగళూరు, హైదరాబాద్ కేంద్రాలు. రెండూ బళ్ళారికి మూడు వందల కిలోమీటర్ల పైమాటే.

లెక్క వేసి చూద్దాం. నెలకు కిలోకు 400 మిల్లీగ్రాముల చొప్పున యాభై కిలోల మనిషికి 20 గ్రాములు, ఇరవై కిలోల పిల్లవాడికి 8 గ్రాములు కావాలి. ఏడాదికి పన్నెండో పదమూడో ప్రయాణాలు, ప్రతిసారీ తోడు మనిషి, రెండు మూడు రోజుల కూలి. సీసా ఉచితమైనా ప్రయాణం ఉచితం కాదు. వర్షాకాలం విత్తే రోజుల్లో ఒక నెల తప్పితే, మూడు వారాలకు సగం కరిగే ఐజీజీ ఎనిమిదో వారానికి ఏ స్థాయికి దిగుతుందో ఊహించవచ్చు. సిరలోకి ఎక్కించుకునే వాళ్ళలో నాలుగో వారంలోనే ఇన్ఫెక్షన్లు పెరుగుతాయని అమెరికా సమాచారం చూపింది. అలాంటప్పుడు 500 ఉండాలా 800 ఉండాలా అన్న తగవు బళ్ళారి రోగికి ఎక్కడో దూరంగా వినబడే మాట. అతని సగటు అంకె బాగానే ఉండవచ్చు, అతన్ని ఆస్పత్రి పాలు చేసేది సగటులో కనబడని ఆ గుంట.

మందు ఈ జిల్లాకు కొత్తదేమీ కాదన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. గిలియన్-బారే జబ్బుకు ఇదే ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను ఐదు రోజుల్లో కిలోకు 2 గ్రాముల చొప్పున ఇస్తారు. యాభై కిలోల మనిషికి అది 100 గ్రాములు, యాంటీబాడీ లోపమున్న అదే బరువు మనిషికి ఐదు నెలల మందు. ఫ్రిజ్, నర్సు, నెమ్మదిగా మొదలుపెట్టి వేగం పెంచే పద్ధతి, అలర్జీ వస్తే ఇవ్వవలసిన మందులు అన్నీ వైద్య కళాశాల ఆస్పత్రిలో ఉండేవే. లేనిది నెలనెలా వచ్చే మనిషికి పేరు మీద సీసా ఉంచే ఏర్పాటు. నిర్ధారణ, ఏడాదికో రెండుసార్లు సమీక్ష బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో జరిగి, ఎక్కించడం మాత్రం బళ్ళారిలో జరిగితే, ఏ మోతాదు పెంపుకంటే ఎక్కువ ఇన్ఫెక్షన్లు ఆగుతాయన్నది నా అంచనా.

మూడు అభ్యంతరాలు

రక్తహీనత, క్షయ ఇంత ఉన్న జిల్లాలో కొద్దిమంది కోసం ఇంత ఖరీదైన మందా అన్నది మొదటి అభ్యంతరం. ఇది బలమైనదే, దానికి పాక్షిక సమాధానమే ఉంది. రక్త క్యాన్సర్, రిటుక్సిమాబ్ వంటి మందుల వల్ల యాంటీబాడీలు తగ్గినవాళ్ళ విషయంలో అభ్యంతరం చాలావరకు నిలుస్తుంది. సీఎల్‌ఎల్ అనే రక్త క్యాన్సర్ రోగుల మీద 1988లో వచ్చిన పరీక్షలో ఇమ్యునోగ్లోబ్యులిన్ బాక్టీరియా ఇన్ఫెక్షన్లను తగ్గించింది, మరణాలను తగ్గించలేదు. 1991లో వీక్స్ తదితరులు లెక్కిస్తే, ఆరోగ్యంగా గడిచే ఒక్క సంవత్సరం కొనడానికి అరవై లక్షల డాలర్లు తేలింది. అందరినీ ఒకే గాటన కట్టి ఇవ్వడం తప్పు. పుట్టుకతో యాంటీబాడీలే లేని పిల్లవాడి లెక్క వేరు. అతనికి ఈ మందు లేకపోతే బతుకు చిన్నతనంలోనే ముగియవచ్చు, ఉంటే చదువుకుని ఉద్యోగం చేయవచ్చు. రెండు గుంపులనూ కలిపి వాదించేవాళ్ళు, ఇవ్వాలనే వాళ్ళైనా వద్దనే వాళ్ళైనా, చర్చను పాడు చేస్తున్నారు.

చౌకైన యాంటీబయాటిక్ చాలదా అన్నది రెండోది. ఇటలీలో మిలిటో బృందం 2019లో ప్రచురించిన పరీక్షలో, వారానికి మూడు రోజులు 250 మిల్లీగ్రాముల అజిత్రోమైసిన్ రెండేళ్ళు ఇస్తే ఊపిరి జబ్బు తిరగబెట్టడాలు తగ్గాయి. కాని వాళ్ళందరూ ఇమ్యునోగ్లోబ్యులిన్ తీసుకుంటున్నవాళ్ళే. అది తోడు మందుగా నెగ్గింది, బదులు మందుగా దాన్ని పరీక్షించనే లేదు. క్యాన్సర్ రోగుల్లో మాత్రం ముందు యాంటీబయాటిక్, చాలకపోతే ఇమ్యునోగ్లోబ్యులిన్ అన్న వరుసకు న్యాయం ఉంది.

మూడోది కొంచెం కఠినం. కొరత ఉన్నప్పుడు ఒకరికి 600 ఇచ్చే మందును ఇద్దరికి 300 చొప్పున పంచితే, ఇద్దరికీ తక్కువ వైద్యం చేసినట్టు కాదా? పైన చెప్పిన ఒంపే జవాబు. ఎవరి స్థాయీ 500 కిందికి జారకుండా చూడడం ముందు, బ్రాంకియెక్టాసిస్ ఉన్నవాళ్ళకు పెంచడం తరువాత, మిగిలిన వాళ్ళకు 1000 దాకా తీసుకెళ్ళడం చివర. ఆరెంజ్ లెక్క ప్రకారం ఇలా పంచితే కొందరికి తప్పించగల న్యుమోనియాలు వస్తాయి. దాన్ని దాచకూడదు. కాని ఒక్క నెలా తప్పకుండా 500 దగ్గర ఉన్న ఇద్దరు, ఒకరు 1000 దగ్గర ఉండి మరొకరికి ఏమీ అందని జంట కంటే తక్కువ సార్లే ఆస్పత్రి చేరతారు.

తేలనివి

ఒక్కో సీసా వెయ్యి మందికి పైగా దాతల ప్లాస్మాతో తయారవుతుంది. వాళ్ళు ఎదుర్కొన్న జబ్బుల యాంటీబాడీలే అందులో ఉంటాయి. కోవిడ్‌లో ఇది కళ్ళ ముందే కనబడింది. 2020 నాటి సీసాల్లో లేని యాంటీబాడీలు, దాతలకు జబ్బో టీకానో వచ్చాక, ఆ తరువాతి సీసాల్లో చేరాయి. అలాగైతే అమెరికా దాతల ప్లాస్మా ఇక్కడి టైఫాయిడ్ బాక్టీరియాను ఎంతవరకు ఎదిరిస్తుంది, భారతీయ దాతల ప్లాస్మా అంతకంటే మెరుగా? ఐజీజీ మొత్తం ఒకటే అయినా లోపలి సరుకు ఒకటి కాకపోవచ్చు. మోతాదు అంకె ఈ తేడాను పట్టుకోలేదు.

చర్మం కింద ఇచ్చే పద్ధతి బస్సు ప్రయాణాన్ని తప్పిస్తుంది కనుక ఇక్కడికి సహజంగా సరిపోవాలి. కాని చాలా తయారీలకు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చలి కావాలి. కరెంటు పోయే, ఫ్రిజ్ లేని ఇంట్లో బళ్ళారి ఏప్రిల్ ఎండకు నెల సరుకు నిలుస్తుందా? ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని టీకాల ఫ్రిజ్‌ను దీనికి వాడనివ్వాలా అన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది, తేల్చవలసింది మాత్రం అదే.

అన్నింటికంటే పెద్దది పోలియో. యాంటీబాడీ లోపమున్న వాళ్ళకు నోటి చుక్కలు ఇవ్వకూడదు. కాని లోపం బయటపడే లోపే చుక్కలు పడి ఉంటాయి, ఇంట్లో చెల్లికీ తమ్ముడికీ పడుతూనే ఉంటాయి. వీళ్ళలో కొందరి పేగుల్లో టీకా వైరస్ ఏళ్ళ తరబడి ఉండి, మారుతూ, బయటికి వస్తుంది. బ్రిటన్‌లో ఒక వ్యక్తి ఇలా ఇరవై ఎనిమిదేళ్ళు విసర్జించాడు. సిరలోకి ఎక్కించిన ఇమ్యునోగ్లోబ్యులిన్ అతని నరాలను కాపాడవచ్చు, పేగుల్లోని వైరస్‌ను తుడిచేస్తుందన్న హామీ లేదు. 2014లో పోలియో రహితమైన దేశం నోటి చుక్కలను పూర్తిగా ఆపే రోజుకు, ఎవరి పేగుల్లో ఆ వైరస్ ఉందో తెలిసి ఉండాలి. రాయదుర్గంలో ఇల్లు, బళ్ళారిలో వైద్యం, బెంగళూరులో నిర్ధారణ ఉన్న రోగి మలాన్ని ఏడాదికోసారి ఎవరు సేకరించి, ఏ రాష్ట్రపు ఖర్చుతో పరీక్షకు పంపాలన్నది ముందు రాసుకోవలసిన ఒప్పందం.